బొగ్గుకు సాక్ష్యం చెప్పిన జంతువు

హైదరాబాద్ శివారులోని రావిర్యాల చుట్టుపక్కల ఈ ఇరవై ఏళ్లలో తవ్వకుండా వదిలిన నేల తక్కువ. ఔటర్ రింగు రోడ్డు కోసం గుట్టలు కోశారు. 2008లో శంషాబాద్ విమానాశ్రయం మొదలయ్యాక లేఅవుట్లు, పరిశ్రమలు, వండర్‌లా లాంటి వినోద పార్కు ఒక్కొక్కటిగా వచ్చాయి. ఎక్కడ తవ్వినా పైన కాస్త ఎర్రమట్టి, కింద మొరం, దాని కింద గ్రానైటు. ఈ గ్రానైటు వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. భూగర్భంలో కరిగిన శిలాద్రవం నిదానంగా చల్లారి గట్టిపడిన రాయి ఇది. అప్పటికి భూమ్మీద వెన్నెముక ఉన్న ప్రాణి ఒక్కటీ లేదు. ఉన్నా కరిగిన రాతిలో ఎముక మిగలదు. అందుకే రావిర్యాల ఉన్న మహేశ్వరం మండలంలో ఎన్ని బండలు పగలగొట్టినా శిలాజం దొరకదు. పాత ప్రాణుల చరిత్ర కావాలంటే నీళ్లు మోసుకొచ్చిన బురద పొరలు పొరలుగా పేరుకుని రాయిగా మారిన చోటికి పోవాలి. తెలంగాణలో అలాంటి చోటు ఇక్కడికి మూడు వందల కిలోమీటర్ల ఉత్తరాన, ప్రాణహిత గోదావరిలో కలిసే లోయలో ఉంది. ఆసిఫాబాద్, బెల్లంపల్లి, చెన్నూరు ప్రాంతాల ఎర్ర మట్టిరాళ్లలో, మలేరి అనే ఊరి పేరుతో శాస్త్రవేత్తలు పిలిచే పొరల్లో, ఒకప్పటి మహా ఉభయచరాల ఎముకలున్నాయి. వాటిని మనుషులు ఎందుకు వెతికారు, ఎలా వెతికారు, ఆ వెతకడంలో ఏం పోగొట్టుకున్నారు అన్నదే ఈ వ్యాసం.

ఉభయచరం అనగానే మనకు గుర్తొచ్చేది కప్ప. వానాకాలం రావిర్యాల చెరువు దిగువన పొలాల్లో గోదురుకప్పల అరుపు కొత్త కాదు. తోక ఉన్న ఉభయచరాన్ని మాత్రం దక్కన్‌లో ఎవరూ చూసి ఉండరు. బల్లిలాంటి ఒళ్లు, తడి చర్మం, పొట్టి కాళ్లు, బలమైన తోక ఉన్న సాలమాండర్లు ఉత్తరార్ధగోళపు ప్రాణులు. వాటి శాఖ ఉత్తర ఖండాల్లో ఎదిగింది. భారతదేశపు నేల దక్షిణ ఖండాల నుంచి విడివడి వచ్చి ఆసియాను తాకింది. అందుకే మన దేశంలో సాలమాండర్లు డార్జిలింగ్ వైపు తూర్పు హిమాలయాల్లో, ఈశాన్య కొండల్లోనే కనిపిస్తాయి, కిందికి దిగలేదు. అమెరికా పశ్చిమ తీరపు అడవి వాగుల్లో బతికే పసిఫిక్ మహా సాలమాండర్లది ఒక కుటుంబం. అవి మూరెడు లోపే ఉంటాయి. తూర్పు అమెరికా నదుల్లో రాళ్ల కింద దాక్కునే హెల్‌బెండర్ మరో కుటుంబానిది. అది మూరన్నర దాకా పెరుగుతుంది, దాని దగ్గరి బంధువులు చైనా, జపాన్ నదుల్లో ఉన్నాయి. మలేరి పొరల్లోని జంతువు వీటికి పూర్వీకురాలు కాదు, ఉభయచరాల పాత కుదురులో వేరే కొమ్మ. మెటోపోసార్ల కుటుంబమని దాన్ని అంటారు. అయినా ఒంటి కట్టు, నీటి మడుగుల్లో బతికిన తీరు చూస్తే మహా సాలమాండర్లను గుర్తుచేస్తుంది. ఈ కుటుంబం ఉత్తర అమెరికాలో వయోమింగ్, టెక్సాస్, న్యూమెక్సికో రాళ్లలో విరివిగా దొరుకుతుంది. యూరప్‌లో, మొరాకోలో ఉంది. భారతదేశంలో దాని ప్రధాన స్థావరం తెలంగాణ.

మలేరి మెటోపోసార్ పుర్రె పలకలా చదునుగా ఉంటుంది. మూర పొడవు పుర్రెలో కళ్ల గుంతలు చాలా ముందుకు, మూతికి దగ్గరగా ఉంటాయి. ఎముక పైభాగం నున్నగా ఉండదు. నడిమధ్య చిన్నచిన్న గుంటలు, అంచుల వైపు వాటి నుంచి కిరణాల్లా సాగే గట్లు, గాళ్లు. అరచేయంత ముక్క దొరికినా ఆ చెక్కడాన్ని బట్టి ఇది మహా ఉభయచరం ఎముక అని చెప్పేయొచ్చు. పంటిని అడ్డంగా కోసి చూస్తే లోపలి పొర మడతలు మడతలుగా, మెలికలు తిరిగి కనిపిస్తుంది. వెన్నుపూసలు లావుపాటి గుండ్రటి బిళ్లలు. ఛాతీ కింద వెడల్పాటి ఎముక పలకలు ఉంటాయి. ఒడ్డున పరుగెత్తే జంతువు కాదు ఇది. మడుగు అడుగున ఒదిగి పడుకుని, తలెత్తి నోరు తెరిచి చేపను పట్టే జంతువు. దాదాపు 22 కోట్ల ఏళ్ల కిందట, ఖండాలన్నీ ఒకే భూభాగంగా అతుక్కుని ఉన్న ట్రయాసిక్ కాలంలో, నేటి ఆసిఫాబాద్ నేల భూమధ్యరేఖకు దక్షిణాన ఉన్నప్పుడు ఇవి ఇక్కడి వాగుల్లో, మడుగుల్లో బతికాయి.

నా వాదన ఒకటే. ఈ జంతువు మన జ్ఞానంలోకి జంతువుగా రాలేదు, రాతికి వయసు చెప్పే సాక్షిగా వచ్చింది. ఆ రాతి వయసు అడిగింది బొగ్గు. సాక్షి నుంచి కావలసింది ఒక్క మాటే కనుక ఒక్క ముక్కే సరిపోయింది. అందుకే వందేళ్ల పాటు ముక్కలే పోగుపడ్డాయి, జంతువు ఎవరికీ కనపడలేదు. ఉభయచరాన్ని సాక్షిగా నిలబెట్టడం మలేరితో మొదలైంది కాదు. స్విట్జర్లాండ్ పండితుడు షాయిక్‌సెర్ 1726లో ఓనింగెన్ రాతిగనిలో దొరికిన ఒక అస్థిపంజరాన్ని లోకానికి చూపించి, బైబిలు చెప్పిన జలప్రళయంలో మునిగిపోయిన పాపి మనిషి ఇతనే, ప్రళయానికి సాక్షి ఇతనే అని ప్రకటించాడు. ఆ రాయి నెదర్లాండ్స్‌లోని హార్లెమ్ నగరపు టైలర్స్ మ్యూజియానికి చేరింది. 1811లో ఫ్రెంచి శాస్త్రవేత్త క్యూవియే అక్కడికి వెళ్లి రాతిని జాగ్రత్తగా చెక్కించగా ముందుకాళ్లు బయటపడ్డాయి. అది హెల్‌బెండర్ కుటుంబానికే చెందిన మహా సాలమాండర్. ప్రళయం ఉందా లేదా అని అడిగినవాడికి సాలమాండర్ కనపడలేదు. ఇది ఏ జంతువు అని అడిగినవాడికి వెంటనే కనపడింది. అడిగిన ప్రశ్నను బట్టే ఎముక కనిపిస్తుంది.

ప్రాణహిత లోయలో అడిగిన మొదటి ప్రశ్న బొగ్గు గురించే. నిజాం రాజ్యంలో పనిచేసిన వాకర్ అనే వైద్యుడు ప్రాణహిత ఒడ్డున, నేటి మహారాష్ట్ర సిరొంచ ప్రాంతంలోని కోట అనే ఊరి దగ్గర బొగ్గు ఉందని రాసిన నివేదిక 1840ల తొలినాళ్లలో బెంగాల్ ఏసియాటిక్ సొసైటీ పత్రికలో వచ్చింది. తర్వాత బెల్ అనే మరో వైద్యుడు అక్కడ బోరు వేయించాడు. బొగ్గు కోసం దిగిన ఆ పనిలో చేప శిలాజాలు పైకొచ్చాయి. 1850ల మొదట్లో లండన్ జియలాజికల్ సొసైటీ పత్రికలో కోట బోరు వివరం, ఆ చేపల వర్ణన కనిపిస్తాయి. ఇదే కాలంలో నాగపూర్‌లో ఉన్న స్కాట్లండ్ మిషనరీ స్టీఫెన్ హిస్లాప్, తన సహచరుడు రాబర్ట్ హంటర్‌తో కలిసి చుట్టూ వందల మైళ్ల మేర శిలాజాలు పోగుచేశాడు. నాగపూర్‌కు దక్షిణాన మంగళి దగ్గర వాళ్లకు దొరికిన ఒక ఉభయచరం పుర్రెను 1855లో ఇంగ్లండ్ శాస్త్రవేత్త రిచర్డ్ ఓవెన్ వర్ణించి బ్రాకియోప్స్ అని పేరు పెట్టాడు. ఓవెన్ అంతటివాడు కూడా శీర్షికలో దాన్ని సరీసృపం అనే రాశాడు. సరీసృపమా, ఉభయచరమా అన్నది ఆ రోజుల్లో తేలని విషయం. మలేరి ఎర్రమట్టిలో దొరికిన పళ్లను 1859లో భారత భూగర్భ సర్వే అధిపతి థామస్ ఓల్డ్‌హామ్ పరిశీలించి, సెరటోడస్ అనే ఊపిరితిత్తుల చేపవని తేల్చాడు. వాటిలో ఒక జాతికి హిస్లాప్ పేరు, మరొకదానికి హంటర్ పేరు పెట్టాడు.

ఇక్కడ ఓల్డ్‌హామ్‌కు చేప పంటితో పనేమిటి అనిపిస్తుంది. 1851లో మొదలైన భారత భూగర్భ సర్వే ముఖ్యమైన పనుల్లో ఒకటి, రైళ్లకూ స్టీమర్లకూ కావలసిన బొగ్గు ఏ పొరల్లో ఉందో గుర్తించడం. మధ్య భారతంలో, దక్కన్‌లో ఇసుకరాళ్లు ఒకదాన్ని పోలి మరొకటి ఉంటాయి. బొగ్గున్న పొర ఏది, దాని మీద పడ్డ పొర ఏది, బొగ్గు కన్నా కింది పొర ఏది అని రంగును బట్టి చెప్పలేరు. పొరలోని శిలాజం చెబుతుంది. సెరటోడస్ యూరప్‌లో ట్రయాసిక్ పొరల్లో ఉంది. అదే చేప మలేరిలో ఉంటే మలేరి కూడా ఆ కాలానిదే. అంటే బొగ్గు పొరలకన్నా కొత్తది, పైది. మలేరి ఎర్రమట్టి కనిపించిన చోట బొగ్గు ఉన్నా చాలా లోతున ఉంటుందని ఇంజనీరుకు దాని అర్థం. 1871లో ఇల్లెందు దగ్గర బొగ్గు కనిపెట్టిన విలియం కింగ్ ఈ సర్వే ఉద్యోగే. ఆయన కనిపెట్టిన బొగ్గు మీదనే 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ గని హక్కులు తీసుకుంది. 1920లో సింగరేణి కాలరీస్ ఏర్పడింది. అదే కింగ్ 1881లో ప్రాణహిత-గోదావరి లోయ భూగర్భంపై పెద్ద గ్రంథం రాశాడు. తెలంగాణ బొగ్గుకూ తెలంగాణ మహా ఉభయచరానికీ తొలి పటం గీసింది ఒకే చెయ్యి.

ఆ పటంలో ఒక చిక్కు ఉంది. కోట చేపలు జురాసిక్ కాలానివిగా కనిపించాయి. మలేరి పళ్లు, ఎముకలు ట్రయాసిక్ అన్నాయి. కింగ్ ఈ రెంటినీ విడదీయకుండా కోట-మలేరి అని ఒకే గుంపుగా లెక్కవేశాడు. రెండు కాలాల సాక్షులు ఒకే పొర గురించి రెండు రకాలుగా చెప్పినట్టయింది. దీనికి కారణం కింగ్ పనితనం తక్కువని కాదు. ఎండలో, అడవిలో, గుర్రం మీద వేల చదరపు మైళ్లు తిరిగి గీసిన పటం అది. కానీ చేతిలో ఉన్నవన్నీ నేల మీద ఏరిన ముక్కలు. ఏ ముక్క ఏ పొరలోంచి జారిందో కచ్చితంగా తెలియకపోతే సాక్ష్యం గజిబిజి అవుతుంది. 1885లో ఇంగ్లండ్ శాస్త్రవేత్త రిచర్డ్ లైడెకర్ మలేరి సరీసృపాలను, ఉభయచరాలను వర్ణించినప్పుడు కూడా ఆధారం ముక్కలే. మొసలిని పోలిన ఒక సరీసృపానికి మూతి ముక్కలు చూసి పారాసూకస్ హిస్లోపి అని పేరు పెట్టాడు. అలాంటి ముక్క యూరప్ కాలంతో పోల్చడానికి సరిపోయింది. అది ఏ జంతువో తెలుసుకోవడానికి సరిపోలేదు. ఆ తర్వాత యాభై ఏళ్లు మలేరి మీద చెప్పుకోదగ్గ పని జరగలేదు. 1937లో భూగర్భ సర్వేకు చెందిన అయ్యంగార్ మలేరి పొరలపై వ్యాసం రాశారు. 1940లో జర్మన్ పండితుడు ఫాన్ హ్యూనె మలేరి జంతుజాలంపై పుస్తకం ప్రచురించాడు. అందులో కూడా ముక్కల పరిమితి కనిపిస్తుంది.

నా వాదనకు మొదటి అభ్యంతరం సహజంగా హిస్లాప్ గురించి వస్తుంది. ఆయన కంపెనీ ఉద్యోగి కాదు, గని యజమాని కాదు. మత ప్రచారకుడు, బడి నడిపినవాడు. మొక్కలు, పురుగులు, గవ్వలు, ఎముకలు అన్నీ ఏరాడు. 1863లో నాగపూర్ దగ్గర వాగులో కొట్టుకుపోయి చనిపోయాడు. ఇలాంటివాడి కుతూహలాన్ని బొగ్గు ఖాతాలో వేయడం అన్యాయం కాదా? ఆ కుతూహలం నిజమైనదే, నేను కాదనను. కానీ ఆ కుతూహలం నడిచిన దారి చూడండి. హిస్లాప్ ఆ ఏళ్లలో లండన్‌కు రాసినవాటిలో నాగపూర్ మొక్కల పొరలకూ ఉమ్రేత్ బొగ్గుకూ సంబంధం ఏమిటన్న వ్యాసం ఒకటి. ఆయన శిలాజాలు అందుకున్న పండితులు వాటిని చదివింది కూడా పొరల వరస తేల్చడానికే. మనిషి దేనిని ప్రేమించాడన్నది వేరు, అతని సేకరణ ఏ ప్రశ్నకు జవాబుగా పనికొచ్చిందన్నది వేరు. హిస్లాప్ ఎముకను ప్రేమించాడు, ఆ కాలం దాన్ని కొలబద్దగా వాడుకుంది.

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. పందొమ్మిదో శతాబ్దంలో ప్రపంచమంతటా శిలాజాలను పొరల కాలం తేల్చడానికే వాడారు కదా, మలేరిలో ప్రత్యేకత ఏముంది? స్కాట్లండ్‌లో ఎల్గిన్ ఇసుకరాయి అతి పాతదని అందరూ అనుకుంటున్నప్పుడు, అందులోని హైపెరోడపెడాన్ అనే సరీసృపాన్ని ఇంగ్లండ్ ట్రయాసిక్ రాళ్లలోనూ భారతదేశపు నమూనాల్లోనూ గుర్తించి, 1869లో ఇంగ్లండ్ శాస్త్రవేత్త హక్స్‌లీ ఆ రాయి వయసును తేల్చాడు. అక్కడా ఎముక సాక్షే. నిజమే. తేడా ఆ తర్వాత జరిగిన దానిలో ఉంది. ఎల్గిన్ రాళ్లలోంచి జంతువును మొత్తంగా బయటికి తీసే పని ఆగలేదు. ఉత్తర అమెరికాలో మెటోపోసార్ల సంగతి మరింత స్పష్టం. 1905లోనే వయోమింగ్ పుర్రెలకు పేర్లు పెట్టి వర్ణించారు. 1930ల చివర్లో న్యూమెక్సికోలోని లేమీ దగ్గర హార్వర్డ్ బృందం ఒకే పొరలో గుంపుగా పడి ఉన్న మెటోపోసార్ పుర్రెలను, ఎముకలను తవ్వింది. 1939లో హార్వర్డ్ శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ రోమర్ దాన్ని ఉభయచరాల శ్మశానం అన్నాడు. మడుగు ఎండిపోతుంటే మిగిలిన కాస్త నీళ్లలోకి చేరి అన్నీ చచ్చిపోయాయని ఆయన ఊహ. తర్వాతి పరిశోధకులు ఒప్పుకోలేదు, ఎముకలు వేరే చోటి నుంచి కొట్టుకొచ్చాయన్నారు. ఎవరిది సరైనా, అక్కడ అడుగుతున్న ప్రశ్న ఆ జంతువు ఎలా బతికింది, ఎలా చచ్చింది అన్నది. 1956లో కోల్బర్ట్, ఇంబ్రీ అనే ఇద్దరు ఆ కుటుంబం మొత్తాన్నీ తిరిగి పరిశీలించి గ్రంథం తెచ్చారు. ఆ సంవత్సరానికి మలేరి మెటోపోసార్‌కు సొంత పేరు కూడా లేదు. అమెరికాలో విశ్వవిద్యాలయాలు, మ్యూజియాలు ఎముకను ఎముక కోసమే వెతికాయి. ఇక్కడ వెతికిన ఏకైక సంస్థ బొగ్గు, ఖనిజాల పటాల కోసం ఏర్పడ్డది. దాని పని అయిపోయాక వెతకడం ఆగిపోయింది.

మళ్లీ మొదలుపెట్టింది ఎవరూ ఊహించని సంస్థ. కలకత్తాలో ప్రశాంత చంద్ర మహలనోబిస్ 1931లో స్థాపించిన భారత గణాంక సంస్థ. గణాంకాల సంస్థకు ఎముకలెందుకు అని అప్పుడూ అడిగారు, ఇప్పుడూ అడుగుతారు. ప్రకృతిలో కొలవగలిగినదంతా గణాంకానికి విషయమేనన్నది మహలనోబిస్ నమ్మకం. ఆయన ఆహ్వానం మీద లండన్ యూనివర్సిటీ కాలేజీ నుంచి పామెలా రాబిన్సన్ 1950ల చివర్లో వచ్చి, సంస్థలో భూగర్భ పరిశోధన విభాగాన్ని కట్టారు. సోహన్‌లాల్ జైన్, తపన్ రాయ్‌చౌధురి, టి.ఎస్. కుట్టి, శంకర్ చటర్జీ ఆ విభాగంలో తయారైనవాళ్లు. వాళ్లు ప్రాణహిత లోయను ఏరుకునే చోటుగా కాక తవ్వే చోటుగా చూశారు. ఎముక ఏ పొరలో, ఏ దిక్కున, పక్కన ఏ ఎముకతో కలిసి ఉందో నమోదు చేస్తూ నెలల తరబడి పని చేశారు. 1964లో యెర్రపల్లి అనే ఊరి పేరుతో మలేరికన్నా పాతదైన కొత్త పొరను, అందులోని జంతువులను లోకానికి చెప్పారు. కోటకూ మలేరికీ మధ్య ధర్మారం పొర ఉందని తేల్చి, కింగ్ కాలం నాటి కోట-మలేరి ముడిని విప్పారు. ట్రయాసిక్ సాక్షి, జురాసిక్ సాక్షి ఇద్దరూ నిజమే చెప్పారు. వాళ్లు నిలబడ్డ చోట్లే వేరు.

1965లో రాయ్‌చౌధురి రాయల్ సొసైటీ పత్రికలో మలేరి మెటోపోసార్‌ను కొత్త జాతిగా, మెటోపోసారస్ మలేరియెన్సిస్ అని వర్ణించారు. హిస్లాప్ ఏరిన రోజులకు వందేళ్లు దాటాక ఆ జంతువుకు తల, వెన్ను, భుజం, కాలు అన్నీ ఒక చోట చేరాయి. పారాసూకస్ కథ ఇంకా ఆసక్తికరం. లైడెకర్ ముక్కలతో పెట్టిన పేరు దగ్గర ఆగిపోయిన ఆ సరీసృపానికి మలేరిలో రెండు దాదాపు సంపూర్ణ అస్థిపంజరాలు దొరికాయి. వాటి పొట్టల్లో మరో చిన్న సరీసృపపు ఎముకలు ఉన్నాయి. చటర్జీ ఆ చిన్న సరీసృపానికి 1980లో మలేరి పేరు, రాబిన్సన్ పేరు కలిపి పెట్టారు. తర్వాత పారాసూకస్ జాతికి ప్రమాణంగా ఆ పాత మూతి ముక్కను పక్కన పెట్టి కొత్త అస్థిపంజరాన్ని నిలబెట్టవలసి వచ్చింది. కాలం చెప్పడానికి చాలిన ముక్క జంతువును చెప్పడానికి చాలలేదనడానికి ఇంతకు మించిన రుజువు నాకు తెలియదు.

ఇక్కడ మూడో అభ్యంతరం వస్తుంది. రాబిన్సన్ బృందం కూడా పొరల వరసే తేల్చింది కదా, సాక్షి పని ఎక్కడ ఆగింది? ఆగలేదు, ఆగనక్కర్లేదు. జంతువును పూర్తిగా తెలుసుకున్నాకే సాక్ష్యం కూడా పదునెక్కింది. మలేరి కింది భాగంలో మెటోపోసార్లు ఉంటాయి, పై భాగంలో అవి పోయి చిగుటిసార్లనే వేరే కుటుంబపు మహా ఉభయచరాలు వస్తాయి. 1995లో ధూర్జటి ప్రసాద్ సేన్‌గుప్తా వర్ణించిన ఈ చిగుటిసార్లలో ఒకదాని పేరు కుట్టిసెఫాలస్. లోయలో ఏళ్ల తరబడి నడిచిన కుట్టి పేరే అది. ఈ చిగుటిసార్ల వంశం ఆస్ట్రేలియాలో క్రెటేషియస్ దాకా, మలేరి తర్వాత పది కోట్ల ఏళ్ల దాకా బతికింది. ఒకే మలేరిలో పైభాగం, కిందిభాగం అని విడదీయగలిగింది ముక్కల లెక్కతో కాదు. ఏ తల ఏ కుటుంబానిదో తెలిశాకే.

ఈ చరిత్రలో మరో మలుపు డైనోసార్లది. కోట పొరల్లో దొరికిన బారాపాసారస్ ఎముకలు మూడు వందల దాకా కలకత్తా చేరి, 1977లో అస్థిపంజరంగా నిలబడ్డాయి. యామన్‌పల్లి దగ్గర భూగర్భ సర్వే తవ్విన కోటాసారస్‌కు ఆ పేరును 1988లో సర్వేకు చెందిన యాదగిరి పెట్టారు. అది హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో ఉంది, నౌబత్ పహాడ్ ఎక్కిన పిల్లలు దాని కింద నిలబడి తలెత్తి చూస్తారు. మంచిదే. కానీ అదే లోయకు చెందిన మహా ఉభయచరం పేరు ఆ పిల్లల్లో ఎవరికీ తెలియదు. దాని నమూనాలు ప్రధానంగా కోల్‌కతాలో ఉన్నాయి. అవి అక్కడ ఉండటమే మేలని వాదించేవాళ్లున్నారు. తవ్వినవాళ్లు, చదివినవాళ్లు, భద్రపరిచినవాళ్లు అక్కడివాళ్లే, పల్లెలో వదిలేస్తే పత్తి చేను దున్నకంలో పొడైపోయేవి. ఈ మాటలో నిజముంది. ఎముకలు వెనక్కి రావాలని నేను అనడం లేదు. కానీ మలేరి, యెర్రపల్లి, ధర్మారం, భీమారం, నంబాల, జక్లపల్లి అని ప్రపంచ శాస్త్ర గ్రంథాల్లో మన ఊళ్ల పేర్లు పొరలకూ జంతువులకూ ఉన్నప్పుడు, ఆసిఫాబాద్ బడి పాఠంలో ఆ పేర్లు ఉండాలి. హైదరాబాద్ మ్యూజియంలో కనీసం ఆ చదును పుర్రె అచ్చు ఒకటి ఉండాలి. సింగరేణి బొగ్గు చరిత్ర చెప్పేటప్పుడు ఇల్లెందుతో మొదలుపెట్టి కింగ్ పేరు చెబుతారు. ఆ కింగే మలేరి పటం గీశాడని కూడా చెప్పాలి. ఆ రెండూ ఒకే చరిత్ర.

పేరు కూడా ఈ మధ్య మారింది. 2019లో సంజుక్త చక్రవర్తి, ధూర్జటి ప్రసాద్ సేన్‌గుప్తా పుర్రె ఎముకల ఆకారాన్ని కొలతలతో పోల్చి, మలేరి జంతువు యూరప్ మెటోపోసారస్ గణానికి చెందదని, అది వేరే గణమని తేల్చి, పాంథాసారస్ మలేరియెన్సిస్ అన్నారు. ఊరి పేరు మాత్రం అలాగే నిలిచింది. మరుసటి ఏడు పోలండ్, జర్మనీ, భారత పరిశోధకులు కలిసి ఆ జంతువు కాళ్ల ఎముకలను పల్చని ముక్కలుగా కోసి సూక్ష్మదర్శిని కింద చూశారు. ఎదుగుదల వేగంగా సాగిన మందపాటి వలయాలు, మందగించిన సన్నని వలయాలు ఒకదాని తర్వాత ఒకటి కనిపించాయి. వాటిని పోలండ్, మొరాకో మెటోపోసార్ల ఎముకలతో పోల్చి, 22 కోట్ల ఏళ్ల కిందట ఈ లోయలో రుతువులు ఎలా ఉండేవో అంచనా కట్టారు. రాతి వయసు ఎంత అన్నది ఈసారి ఎవరూ అడగలేదు. ఈ జంతువుకు ఏ రుతువు కష్టంగా గడిచింది అని అడిగారు.